హాస్యరసము – రేలంగి వేంకటరామయ్య
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



నవ్వును గూర్చి తెలుగు పల్లెలలో రెండు సామెతలు తరతరములుగా వినవచ్చుచున్నవి. "నవ్వు నాలుగు విధాల చేటు" అనునది మొదటిది. "నవ్విన నాపచేనే పండును" అనునది రెండవది. మొదటి సామెత నవ్వువానిని హెచ్చరించును. రెండవ సామెత నవ్వులపాలైన వానిని ఓదార్చును. ఒకే జాతి నోట పుట్టిన యీ రెండు మాటలును ఒకే మనుజుని జీవితమున నెట్లు సమన్వయించెనో చూడవలెనన్న, తెలుగు చలనచిత్రములలో హాస్యమునకు గౌరవస్థానము సంపాదించిన శ్రీ రేలంగి వేంకటరామయ్య చరిత్రను పరికింపవలెను.

గ్రంథాలయ రజతోత్సవమున కవులను గూర్చియు, పండితులను గూర్చియు ప్రసంగించుట పరిపాటి. సినిమాలో నవ్వించిన వానికి ఈ వేదికపై చోటేమని కొందఱు శంకింపవచ్చును. ఆ శంకకు సమాధానము మన పూర్వుల గ్రంథములలోనే కలదు. భరతముని నాట్యశాస్త్రమున రసములను లెక్కించునపుడు శృంగారము వెంటనే హాస్యమును పేర్కొనెను. స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని నవ్వును ఆఱు తెఱగులుగా విభజించెను. తాను నవ్వుట యొకటి, ఇతరులను నవ్వించుట యొకటి యని రెండు ఆశ్రయములను గూడ చెప్పెను. పెదవి విప్పని చిఱునవ్వు మొదలుకొని, ప్రక్కలు పట్టుకొని దొర్లు నవ్వు వఱకు ఇంత సూక్ష్మముగ విచారించిన శాస్త్రము హాస్యమును చిన్నచూపు చూచినదనుటకు వీలు లేదు.

సంస్కృత నాటకమున రాజు ప్రక్కన విదూషకుడు నిలిచెను. పండితులకు విదూషకు డెట్టివాడో, పామరులకు తోలుబొమ్మలాటలోని కేతిగాడును, జుట్టుపోలిగాడును, బంగారక్కయు నట్టివారు. సీతాపహరణము జరుగుచుండగా కన్నీరు పెట్టుకొన్న ప్రేక్షకులను మఱుక్షణమున నవ్వించి, తెల్లవార్లు తెరముందు కూర్చుండబెట్టినవారు వీరే. రాముని బొమ్మ కథ దాటి మాటలాడరాదు. కేతిగాడు మాత్రము ఊరి కరణమును, వడ్డీవ్యాపారిని, ఆ యేటి వానలను గూర్చి గూడ మాటలాడవచ్చును. శ్రోతకును కథకును నడుమ వంతెన హాస్యగాడే. అయినను ఆట ముగిసిన పిమ్మట హారతి రామునికే గాని కేతిగానికి గాదు. నవ్వించువాడు అందఱకు కావలసినవాడు. పంక్తిలో మాత్రము అతని విస్తరి చివరిది. ఈ యన్యాయము ఎంత ప్రాచీనమో, దానిని ఒక నటుడు కొంతవఱకైనను సరిదిద్దగలిగెననుట అంత విశేషము.

రేలంగి 1910 ప్రాంతమున గోదావరి తీరమునందలి రావులపాడు గ్రామమున జన్మించెను. తండ్రి హరికథలు చెప్పువాడు, సంగీతము నేర్పువాడు. హరికథకుని యింట పెరుగుట నటునకు గొప్ప పాఠశాల. హరికథకుడు ఒక్కడే రాజగును, భటుడగును, అత్తయగును, కోడలగును. భక్తి గాఢమై సభ గంభీరముగ నున్నదని తోచిన తక్షణమే ఒక పిట్టకథ చెప్పి నవ్వించును. ఆ నవ్వు అడుగంటకముందే మరల కీర్తన నెత్తుకొనును. ఏ క్షణమున నవ్వింపవలెనో, ఏ క్షణమున మానవలెనో తెలిసియుండుటయే ఆ విద్యకు ప్రాణము. రేలంగి నటనలో తరువాత కనబడిన కాలజ్ఞానమునకు బీజము ఆ యింటనే పడినదనుట సాహసము గాదు.

బాల్యమున కాకినాడ చేరిన ఆ బాలుని చదువుకంటె నాటకమే ఎక్కువ ఆకర్షించెను. ఆ పట్టణమందలి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ ఆంధ్రదేశమున పేరుగాంచిన నాటకసమాజము. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు వంటివారు ఆ సమాజముతో సంబంధము కలవారే. అచ్చట రేలంగి స్త్రీపాత్రలను గూడ ధరించెను. పురుషుడు స్త్రీపాత్ర ధరించుట ఆనాడు వింత గాదు. కాని ఆ యభ్యాసము నటుని దేహమునకు ఒక వినయము నేర్పును. తన నడక, తన చేతులు, తన కంఠము తనవి గావనియు, అవి పాత్రవనియు అట్టి నటుడు చిన్ననాడే తెలిసికొనును.

తెలుగు టాకీ బాల్యమున కాకినాడకు చెందిన చిత్తజల్లు పుల్లయ్య ప్రముఖ దర్శకుడు. 1933లో 'సతీసావిత్రి'ని, 1934లో 'లవకుశ'ను కలకత్తాలో నిర్మించి ఆయన ఖ్యాతి గడించెను. ఆయన దర్శకత్వము వహించిన 'శ్రీకృష్ణ తులాభారము' 1935లో వెలువడెను. అందు చిన్న వేషముతో రేలంగి తెరమీది కెక్కెను. ఆ చిత్రము వలన ఆయనకు పేరు రాలేదు, ధనము రాలేదు. 1939లో కాళ్లకూరి నారాయణరావు నాటకము 'వరవిక్రయము' చిత్రమై, భానుమతిని తెలుగువారికి పరిచయము చేసెను. అందును రేలంగి కలడు. కాని ప్రేక్షకులు గుర్తుంచుకొన్నది ఆయనను గాదు.

ఇచ్చట ఒక్క క్షణ మాగవలసియున్నది. 1935 మొదలు 1948 వఱకు పదుమూడేండ్లు. ఇరువదియైదేండ్ల యువకుడు నలువదికి చేరువయ్యెను. ఈ కాలమంతయు రేలంగి నిరీక్షించెను గాని చేతులు కట్టుకొని నిరీక్షింపలేదు. పుల్లయ్య వద్ద చిత్రనిర్మాణమునకు వలసిన పనులన్నియు చేసెను. నటీనటులను సమకూర్చుట, సరంజామా చూచుకొనుట, వచ్చినవారికి వసతి కల్పించుట మున్నగునవన్నియు ఆయన భుజములపై పడెను. కెమెరా ముందు పట్టున నాలుగు నిమిషములు నిలిచిన వేషమునకు, కెమెరా వెనుక నెలల తరబడి చాకిరి. ఆ దినములలో బంధువులు గాని, ఊరివారు గాని "సినిమాలో ఏమి చేయుచున్నావు?" అని యడిగిన, చెప్పుకొనుటకు చాలినంత జవాబు లేదు. నవ్వించుటకు పోయిన వాడు నవ్వులపాలగు స్థితి అదియే.

అయితే ఆ చాకిరి వ్యర్థము కాలేదు. వెలుగు ఎచ్చట పడునో, మాట ఎంత మెల్లగ పలికినను యంత్రమునకు ఎట్లు వినబడునో, నాటకశాలలో కడపటి వరుసకు కనబడవలెనని చేసిన పెద్ద అభినయము తెరపై ఎట్లు వెగటగునో ఆయన దగ్గరనుండి చూచెను. కనుబొమ మాత్రము కదల్చి నవ్వింపగల నటుడు ఆ పనిముట్ల నడుమనే తయారయ్యెను. నాటకరంగమునుండి వచ్చిన నటులలో పలువురు తెరపై గూడ నాటకమే ఆడిరి. రేలంగి మాత్రము తెరకు తగిన కొలతను గ్రహించెను.

1948లో పుల్లయ్య తీసిన 'వింధ్యరాణి' రేలంగికి గుర్తింపు తెచ్చెను. మరుసటి యేడు వాహినీవారి 'గుణసుందరి కథ' వెలువడెను. కె.వి. రెడ్డి దర్శకత్వమున, పింగళి నాగేంద్రరావు రచనతో వచ్చిన ఆ చిత్రమున రాజుగారి అల్లుళ్లలో నొకనిగా రేలంగి నటించెను. 1951లో విజయావారి 'పాతాళభైరవి' ఆయనను ఇంటింటికి చేర్చెను. అందలి పాత్ర రాజుగారి బావమఱది శూరసేనుడు. పేరు శూరసేనుడు, గుండె పిల్లిగుండె. మనసు రాకుమారి మీద. ఈ పాత్రను వెకిలిగా చేయుట సులభము. రేలంగి అట్లు చేయలేదు. శూరసేనుడు తన శౌర్యమును మనఃపూర్వకముగ నమ్మును. రాకుమారి తనను వలచితీరునని గూడ నమ్మును. ఆ నమ్మకములో లేశమైనను కపటము లేదు. ఆయన హాస్యరహస్య మంతయు ఇందే యున్నది. పాత్ర తాను హాస్యపాత్రనని యెఱుగరాదు. నవ్వవలసినది ప్రేక్షకుడు, పాత్ర మాత్రము తన బ్రతుకును తాను గంభీరముగనే బ్రతుకవలెను. భరతుడు చెప్పిన రెండు ఆశ్రయములలో రేలంగి ఎన్నుకొన్నది ఇతరులను నవ్వించుటయే. తాను నవ్వి ప్రేక్షకుని నవ్వమని వేడుకొనుట ఆయన పద్ధతి గాదు. అవసరమైన చోట తన పాటను తానే పాడుకొనెను. ఆ గొంతు సంగీతవిద్వాంసుని గొంతు గాదు. ఆ పాత్రకు ఉండదగిన గొంతు.

1953లో ఒక విచిత్రము జరిగెను. పదునెనిమిదేండ్ల క్రిందట చిన్న వేషమిచ్చిన పుల్లయ్యయే, 'పక్కింటి అమ్మాయి' చిత్రమున రేలంగిని కథానాయకుని చేసెను. నాయిక అంజలీదేవి. పొరుగింటి సంగీతప్రియురాలిని వలచిన యువకుడు, తనకు పాట రాకపోగా, పాడగల మిత్రుని చాటున నిలిపి, తాను పెదవులు కదపి ఆమెను మెప్పింపజూచును. ఆ పాడు మిత్రుని పాత్రను గాయకుడు ఏ.ఎం. రాజాయే ధరించెను. చిత్రపరిశ్రమయందు ప్రతి నాయకుడును మఱియొకని కంఠముతో పాడుచుండగా, ఆ గుట్టునే కథగ చేసికొని నవ్వించిన చిత్ర మది. బెంగాలీ మూలము గల ఆ కథ తరువాత హిందీలో 'పడోసన్' అను పేర 1968లో వెలువడి ప్రసిద్ధి కెక్కెను.

కథానాయకుడైన హాస్యనటుని ముందు రెండు దారులుండును. ఇక చిన్న వేషములు వేయనని భీష్మించుకొనుట ఒకటి. మరల తన చోటికి తాను వచ్చుట మఱియొకటి. మొదటి దారి యెంత కఠినమో కస్తూరి శివరావు చరిత్ర తెలుపును. 'గుణసుందరి కథ'లో నాయకుడై, ఆ నాటి హాస్యనటులలో అగ్రగణ్యుడై, జనము నీరాజనములందుకొన్న ఆ ప్రతిభావంతుడు, 1950లో 'పరమానందయ్య శిష్యులు' చిత్రమును స్వయముగ తీసి దెబ్బతినెను. 1966లో ఆయన కన్నుమూసినపుడు పూర్వవైభవము మిగులలేదు. ఆయన ప్రతిభలో లోపము లేదు. హాస్యనటుని కీర్తి యెంత పలుచని మంచుపై నిలిచియుండునో చెప్పుటకే ఈ ప్రస్తావన. రేలంగి రెండవ దారి పట్టెను. నాయకుడైన మరుసటి యేడే, 1954లో, 'విప్రనారాయణ'లో శిష్యుడు రంగరాజుగ నటించెను. 1955లో 'మిస్సమ్మ'లో దేవయ్యగ వచ్చెను. ఇట్లు తిరిగి వచ్చుటను పరాజయమని ఆయన యెంచినట్లు నటనలో ఎచ్చటను కనబడదు.

హాస్యమునకు జోడు కావలెను. మద్దెలకు రెండు ముఖములున్నట్లు, ఒక చమత్కారమునకు అవతలివాని ముఖము గూడ అవసరము. రేలంగికి దొరికిన జోడులలో ముఖ్యుడు రమణారెడ్డి. నెల్లూరు సీమవాడు, ఆరోగ్యశాఖలో శానిటరీ ఇన్స్పెక్టరు ఉద్యోగము చేసి సినిమాలలోనికి వచ్చినవాడు. ఒకరు స్థూలకాయుడు, ఒకరు వెదురుబద్ద. ఒకరిది గోదావరి నెమ్మది, ఒకరిది నెల్లూరు చుఱుకు. ఇద్దఱును తెరపై కనబడగానే మాట పుట్టకముందే నవ్వు పుట్టెడిది. గయ్యాళి పాత్రలకు పెట్టినది పేరైన సూర్యకాంతమునకు భర్తగ రేలంగి పలుమాఱు నటించెను. ఆమె ఉరుమునకు ఆయన వణకు చక్కగ అతికినది. 'పాతాళభైరవి'లో దేవతగ దర్శనమిచ్చిన గిరిజ తరువాత హాస్యనాయికయై పెక్కు చిత్రములలో ఆయన సరసన నిలిచెను. ఒకే చిత్రమున శూరసేనుడుగ ఒకరు, పాతాళభైరవిగ ఒకరు వేఱువేఱుగ మెఱసి, పిమ్మట ప్రసిద్ధ హాస్యజంటయగుట చిత్రమైన సంగతి.

ఇక 1957లో వెలువడిన 'మాయాబజార్'. తెలుగువారికి ఆ పేరు చెప్పిన చాలును. కథ చెప్ప నక్కఱలేదు. శశిరేఖా పరిణయము వ్యాసభారతమున లేదు. అది జనుల నోళ్లలో పెరిగిన కథ. దుర్యోధనుని కుమారుడు లక్ష్మణకుమారుడు భారతమున అభిమన్యుని చేత యుద్ధమున హతుడగును. అచ్చట హాస్యమునకు తావు లేదు. ఆ రాజపుత్రునే తెలుగు కల్పన పెండ్లికొడుకును చేసి మాయాపేటకు తెచ్చెను. ఆ వేషము రేలంగిది. ఆయన వెంట శర్మగ అల్లు రామలింగయ్య, శాస్త్రిగ వంగర నిలిచిరి.

ఆ చిత్రమునుండి లక్ష్మణకుమారుని తొలగించి చూచినచో హాస్యనటుని విలువ తెలియును. అభిమన్యుని ప్రేమకు అడ్డుపడువాడు క్రూరుడై యుండినయెడల, ఆ కథ యుద్ధకథ యగును. అమాయకుడైన డాంబికుడైనందుననే అది వినోదకథ యైనది. వివాహవేదికపై మాయాశశిరేఖ పెండ్లికొడుకు కాలు త్రొక్కును; వికృతరూపములు చూపి భయపెట్టును. ఆ రూపములు అతని కొక్కనికే కనబడును. చుట్టునున్న పెద్దలకు కనబడునది సిగ్గులొలుకు పెండ్లికూతురు. చూచినది చెప్పిన ఎవరు నమ్మరు. చెప్పకున్న ప్రాణము నిలువదు. ఈ సంకటమును రేలంగి ముఖము మాత్రముతో తెలిపెను. సావిత్రి చేసిన మాయాశశిరేఖ అంత భయంకరముగ తోచుటకు సగము కారణము ఎదుట రేలంగి భయపడిన తీరు. ఎదుటివాని నటనను పైకెత్తుటకు తన ముఖమును నేలగ పఱచుట ఉత్తమ నటుని లక్షణము. ఆ దృశ్యమున ఇంకొక విశేషము గలదు. ఇంత నవ్వించిన పిమ్మట గూడ ఆ పెండ్లికొడుకుపై ప్రేక్షకునికి ద్వేషము కలుగదు. కొంచెము జాలియే కలుగును.

1963లో 'నర్తనశాల'. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వము, సముద్రాల రచన. అందు ఉత్తరకుమారుడు రేలంగి. ఈ గ్రంథాలయమున తిక్కన విరాటపర్వము చదివినవారికి ఆ ఘట్టము తెలియనిది గాదు. రాజును సేనలును దక్షిణ గోగ్రహణమునకు తరలిపోయినపుడు, ఉత్తరమున కౌరవులు ఆవులను పట్టిరను వార్త వచ్చును. అంతఃపుర స్త్రీల నడుమ నున్న ఉత్తరుడు, సారథి దొరకినచో కౌరవులను ఒంటిగ గెలుతునని బీరములు పలుకును. సారథి దొరకును. కౌరవసేన కనబడును. ఉత్తరుడు రథము దూకి పరుగెత్తును. తెలుగున బీరములు పలుకు పిఱికివానిని "ఉత్తరకుమారుడు" అనుట నేటికిని వాడుకలో నున్నది. అట్టి సామెతవంటి పాత్రకు రూపమిచ్చుట తేలికపని గాదు. ప్రతి ప్రేక్షకుని మనసులో అప్పటికే ఒక ఉత్తరుడు నిలిచియుండును. యాబదియేండ్లు దాటిన రేలంగి ఆ రాకుమారుని వేషమున కనబడినపుడు వయసు ఎవరికిని గుర్తు రాలేదు. అందఱ మనసులోని ఉత్తరుడు ఆయనయే యయ్యెను.

ఉత్తరుని గూర్చి మఱియొక మాట జ్ఞాపకముంచుకొనదగినది. భారతమున అతడు విజయము తరువాత తండ్రియెదుట నిలిచి, గెలిచినది తాను గాదనియు, ఒక దేవకుమారుడు వచ్చి గెలిచెననియు ఒప్పుకొనును. లోకమంతయు తనను వీరుడని పొగడుటకు సిద్ధముగ నున్నపుడు, ఆ పొగడ్తను కాదనుటకు వేఱొక ధైర్యము కావలెను. భయపడినందుకు లోకము ఉత్తరుని చూచి వేయేండ్లుగా నవ్వుచున్నది. అబద్ధపు కీర్తిని త్రోసిపుచ్చినందుకు మెచ్చుకొనుట మఱచినది. హాస్యపాత్రను పూర్తిగ చదివినచో దాని వెనుక మనుజుడు కనబడును. రేలంగి ఉత్తమపాత్రలలో కనబడినది ఈ మనుజుడే.

సత్యము నిష్పక్షపాతముగ చెప్పవలెను. రేలంగి నటించిన చిత్రములు మూడు వందలకు పైబడినవని చెప్పుదురు. అవన్నియు 'మాయాబజార్'లు గావు. కథతో పొత్తు లేని హాస్యఘట్టములు, ఒక పాటకును నాలుగు దెబ్బలాటలకును కల్పించిన వేషములు వానిలో పెక్కు గలవు. నాయకుడు మాఱువేషమునకు పోయినపుడు కాలము నింపుటకు హాస్యనటుని పిలుచు ఆచారము నిర్మాతలలో నుండెను. అట్టివి తెరపైనుండి జాఱినట్లే జ్ఞాపకమునుండి జాఱిపోయినవి. నిలిచినవాని నన్నింటిని పరికింపుడు: శూరసేనుడు, దేవయ్య, రంగరాజు, లక్ష్మణకుమారుడు, 'జగదేకవీరుని కథ'లోని రెండుచింతలు, ఉత్తరకుమారుడు. ప్రతి పాత్రయు కథకు కీలుగ నున్నది. మంచి రచన, మంచి దర్శకత్వము, మంచి నటన మూడును కలిసినచోటనే నవ్వు నిలిచినది. నటుడు ఒంటరిగ ఎంత శ్రమించినను నిలుచు హాస్యమును సృజింపలేడను పాఠము ఇందు గలదు.

1970లో భారత ప్రభుత్వము రేలంగికి పద్మశ్రీ బిరుద మొసగెను. హాస్యనటులలో ఆ గౌరవము తొలుత పొందినవాడు ఆయనయే యని ప్రసిద్ధి. ఆట ముగిసిన పిమ్మట కేతిగానికి గూడ హారతి యిచ్చిన దిన మది. కడపటి యేండ్లలో అనారోగ్యముచే నటన తగ్గించుకొనెను. తాడేపల్లిగూడెమున ఆయన పేర చిత్రమందిరము వెలసియుండెను. ఆ పట్టణముననే 1975 నవంబరు 27వ తేదీన ఆయన కన్నుమూసెను. జతగాడు రమణారెడ్డి అంతకు ఒక యేడు ముందే, 1974 నవంబరులో, వెడలిపోయెను.

కాలము చేయు చిత్రము చూడుడు. 1975 ఆగస్టులోనే ఉపగ్రహము ద్వారా పల్లెలకు టెలివిజను పంపు ప్రయోగము దేశమున ఆరంభమయ్యెను. ఆఱు రాష్ట్రముల పల్లెలు ఎన్నుకొనబడగా, అందు ఆంధ్రప్రదేశపు పల్లెలును కలవు. 1977లో హైదరాబాదు దూరదర్శన కేంద్రము ప్రసారము లారంభించెను. ఇంటింట తెర వెలుగు దినములు వచ్చునప్పటికి రేలంగి లేడు. అయినను పిదప పుట్టిన తరములకు ఆయన పరిచయమైనది ఎక్కువగ ఆ చిన్నతెర మీదనే. డేరాలలో ముప్పావలా టిక్కెట్టుతో తాత చూచిన లక్ష్మణకుమారుని, ఇంటి వసారాలో మనుమడు చూచెను. 2010లో 'మాయాబజార్' రంగులద్దుకొని మరల థియేటర్లకు వచ్చినపుడు మునిమనుమలు గూడ చూచిరి. నవ్విన చోటు మాత్రము ముగ్గురిదియు నొక్కటియే.

ఆయన తెఱచిన దారిలో ఇతరులును నడచిరి. 'మాయాబజార్'లో ఆయన వెంట శర్మగ నిలిచిన అల్లు రామలింగయ్యకు 1990లో పద్మశ్రీ వచ్చెను. తాడేపల్లిగూడెము సమీపమునందలి అత్తిలిలో తెలుగు ఉపన్యాసకుడుగ పనిచేసి, దూరదర్శన్ కార్యక్రమముల ద్వారా పేరు పొంది, 1987లో జంధ్యాల 'అహ నా పెళ్లంట'తో చిత్రసీమలో స్థిరపడిన బ్రహ్మానందమునకు 2009లో ఆ గౌరవమే లభించెను. 'ఆనందో బ్రహ్మ' అను దూరదర్శన్ ధారావాహికతో ఇంటింటి మనిషియై, పిమ్మట పెద్దతెరపై రాణించిన ధర్మవరపు సుబ్రహ్మణ్యము 2013లో గతించెను. ఒకప్పుడు హరికథ, నాటకసమాజము చేసిన పనిని వీరి కాలమున టెలివిజను చేసినది. సాధనములు మాఱినవి. పాత్ర తన్ను తాను నమ్మవలెనను సూత్రము మాఱలేదు.

ఇక గ్రంథాలయమునకు ఈ చరిత్రతో నున్న సంబంధము చెప్పి ముగింపవలెను. కవి పద్యము తాటాకుపై నిలుచును, అచ్చులో నిలుచును. నటుని పని అట్లు నిలువదు. తొలినాటి టాకీలలో పెక్కింటి ప్రతులు నేడు లభించుటయే లేదు. ఆ చిన్న వేషముల రేలంగిని చూచినవారి జ్ఞాపకములు గూడ వారితోనే పోవుచున్నవి. అయితే అట్టి జ్ఞాపకములకు పల్లెలలో కొంత సామగ్రి మిగిలియున్నది. సినిమాహాళ్లయొద్ద అమ్మిన పాటల పుస్తకములు, నాటకముల కరపత్రములు, తోలుబొమ్మలవారు వచ్చినపుడు పెద్దలు విన్న కేతిగాని మాటలు, ఊరి హరికథకుడు చెప్పిన పిట్టకథలు, ఇవి పెట్టెల అడుగునను, వృద్ధుల నోళ్లలోను కలవు. చెదలకును, కాలమునకును వదలిన అవి దక్కవు. గ్రంథాలయమున ఒక అర ప్రత్యేకించి, పాటల పుస్తకములను చేర్చి, పెద్దలు చెప్పు మాటలను యువకులచే వ్రాయించినచో, స్వర్ణోత్సవము నాటికి అది చిన్న నిధి యగును. ఇందుకు ధనము పెద్దగ అక్కఱలేదు. ఓపిక గల నలుగురు చాలును.

అట్లు వ్రాయుటకు కూర్చున్న యువకునికి, పని ఫలింపలేదని విసుగు పుట్టినపుడు, 1935కును 1948కిని నడుమనున్న పదుమూడేండ్లు జ్ఞాపకమునకు వచ్చుగాక. ఊరు నవ్విన చేను ఎండలో ఎంతకాలము నిలిచెనో, పండినది ఎప్పుడో ఆ లెక్కలో నున్నది.

స్వస్తి.